ఘాట్ రోడ్డులో ముప్ఫైకే వాంతులెందుకు?

గత నెల ఈ శీర్షికలో లిఫ్ట్ గురించి ఎవరో అడిగితే, జవాబు మధ్యలో ఒక మాట రాశాను: "ఒంటికి తెలిసేది త్వరణమే, వడి కాదు" అని. రాసేటప్పుడు పెద్దగా ఆలోచించలేదు. ఈ నెల వచ్చిన కట్టలో సగానికి పైగా ఆ మాట పట్టుకుని వచ్చినవే. కొందరికి నచ్చింది, కొందరికి అర్థం కాలేదు, సిద్దిపేట నుంచి ఒకమ్మాయి మాత్రం దాన్ని ఉతికి ఆరేసింది. ఆమె ఉత్తరం చివర్లో ఇస్తున్నాను. కాబట్టి ఈసారి చంద్రగ్రహణాలూ ఇంద్రధనుస్సులూ వచ్చే నెలకి వాయిదా.

ప్రశ్న: మాస్టారూ, నేను వైజాగ్ నుంచి అరకుకి టూరిస్ట్ వ్యాన్ నడుపుతాను. ఎస్.కోట దాకా ఎనభైలో పోయినా వెనక అందరూ హాయిగా నిద్రపోతారు. అనంతగిరి ఘాట్ ఎక్కాక నేను ముప్ఫై దాటను. అయినా అక్కడే కవర్లు అడుగుతారు. స్లోగా పోతుంటే వాంతులేమిటి? మా ఓనరు నేను రఫ్‌గా నడుపుతున్నానంటాడు.
– వ్యాన్ డ్రైవర్, విశాఖపట్నం

జవాబు: మీ ఓనరు గారిది పూర్తిగా తప్పనలేను, పూర్తిగా ఒప్పనీ అనలేను. నేను అరకులో ఫిజిక్స్ లెక్చరర్‌గా ఉన్న ఆరేళ్ళూ వారానికోసారి ఆ ఘాట్ ఎక్కి దిగినవాణ్ణి. అల్లం మురబ్బా అమ్మేవాడు ఎస్.కోటలోనే బస్సెందుకు ఎక్కుతాడో మొదటి వారమే తెలిసొచ్చింది.

ఒకసారి ఎస్.కోటలో టీ చేతిలో ఉండగానే బస్సు కదిలింది. కొట్టువాణ్ణి బతిమాలి గ్లాసుతో సహా ఎక్కేశాను. సగం నిండిన స్టీలు గ్లాసు, కిటికీ పక్క సీటు. బస్సు వేగం పుంజుకుంటున్నంతసేపూ టీ నా వైపుకి, అంటే గ్లాసు వెనక అంచుకి ఎక్కింది. నేరు రోడ్డు మీద ఒకే తీరున పోతున్నప్పుడు పళ్ళెంలో పోసినట్టు సమంగా నిలిచింది. డ్రైవరు బ్రేకు తొక్కితే ముందు అంచుకి ఎక్కింది. ఘాట్‌లో మొదటి మలుపు ఎడమకి తిరగ్గానే కుడి అంచుకి ఎక్కి, నా చొక్కా మీదికి దిగింది. అప్పుడు చూశాను, బస్సు ముప్ఫైలోనే ఉంది. ముల్లు కదల్లేదు, టీ కదిలింది.

మీ ముందున్న మీటరు చెప్పేది వడి ఒక్కటే. బండి ఎటు పోతోందో దానికి అక్కర్లేదు. ఎంత వడిగా, ఎటువైపు – ఈ రెండూ కలిస్తే వేగం. ఆ రెంటిలో ఏది మారినా వేగం మారినట్టే, వేగం ఎంత చప్పున మారుతోందో చెప్పేది త్వరణం. యాక్సిలరేటర్ తొక్కితే త్వరణం. బ్రేకు తొక్కినా త్వరణమే, వెనక్కి. స్టీరింగ్ తిప్పినా త్వరణమే, పక్కకి. గ్లాసులో టీకి ఈ మూడూ తెలుస్తాయి. మీటరుకి మూడోది బొత్తిగా తెలియదు.

ఒక హెయిర్‌పిన్ మలుపు తీసుకుందాం. మీరు ఉత్తరం వైపు ముప్ఫైలో వెళ్ళి, మలుపు తిరిగి, దక్షిణం వైపు ముప్ఫైలో బయటికి వచ్చారు. మీటరు లెక్కన ఏమీ జరగలేదు. వేగం లెక్కన, ఉత్తరం వైపు ముప్ఫై మొత్తం పోయింది, ఆపైన దక్షిణం వైపు ముప్ఫై కొత్తగా వచ్చింది. మొత్తం మార్పు అరవై! మలుపు వ్యాసార్ధం 15 మీటర్లనుకుంటే ఈ మార్పంతా ఆరు సెకన్ల లోపే అయిపోతుంది. నేరు రోడ్డు మీద ముప్ఫైలో పోతూ బ్రేకు కొట్టి ఆపి, ఆ ఊపులోనే రివర్స్‌లో ముప్ఫై అందుకున్నారనుకోండి, మీ వెనక సీట్ల వాళ్ళు ఏమనేవారో మీకే తెలుసు.

మలుపులో త్వరణం కట్టడం చాలా తేలిక. వడిని వడితోనే గుణించి, మలుపు వ్యాసార్ధంతో భాగించాలి. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.3 మీటర్లు. ఆ 15 మీటర్ల మలుపులో త్వరణం 4.6 వస్తుంది, అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 4.6 మీటర్ల చొప్పున మారుతోందన్నమాట. భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం 9.8 కాబట్టి, ఇది దాదాపు దానిలో సగం. అరవై కిలోల మనిషిని పక్కనుంచి 28 కిలోల బరువుతో అదిమినట్టు. ఇప్పుడు హైవే మీద కిలోమీటరు వ్యాసార్ధమున్న పెద్ద ఒంపు చూడండి. అక్కడ మీరు వందలో పోయినా త్వరణం 0.8 దాటదు. వందలో నిద్ర, ముప్ఫైలో వాంతి అంటే ఇదీ సంగతి.

ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. వడిని వడితోనే గుణిస్తున్నాం కదా, కాబట్టి ముప్ఫైని ఇరవై చేస్తే త్వరణం మూడో వంతు తగ్గి ఊరుకోదు. 4.6 కాస్తా 2.1కి పడిపోతుంది, సగం కన్నా తక్కువ. ఒక్కో మలుపు దగ్గర మీకు పోయేది రెండు మూడు సెకన్లు.

ఇక కడుపు సంగతి. మన చెవి లోపల త్వరణాన్ని పసిగట్టే ఏర్పాటుంది. ద్రవం నిండిన మూడు అర్ధవలయాల గొట్టాలు తల తిరుగుళ్ళని పడతాయి. పక్కనే సున్నపు పదార్థంతో చేసిన సన్నటి రేణువులు, ముందుకూ వెనక్కూ పక్కలకూ వచ్చే మార్పుల్ని పడతాయి. వెనక సీట్లో ఫోను చూస్తున్న మనిషి కళ్ళు "ఏమీ కదలడం లేదు" అంటాయి, చెవి "తిప్పేస్తున్నారు" అంటుంది. ఈ తగువు తేలక కడుపు తిప్పుతుంది. అందులోనూ అయిదారు సెకన్లకోసారి అటూ ఇటూ ఊగే ఊపు మనిషికి అస్సలు పడదు. మీ ఘాట్‌లో మలుపు వెనక మలుపు వచ్చేది సరిగ్గా ఆ తాళంలోనే. మీకెందుకు రావంటే మీ కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి, ఏ మలుపు ఎప్పుడొస్తుందో ముందే తెలుసు, తిప్పేది మీరే. మిమ్మల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి ఇంకొకరు నడిపితే అప్పుడు చూద్దాం.

ఓనరు గారి "రఫ్" మాటలో నిజమున్నది ఇక్కడే. త్వరణం ఎంతన్నదే కాదు, అది ఎంత ఠక్కున వచ్చి పడిందన్నదీ ముఖ్యం. దాన్నే మీరు జర్క్ అంటారు, ఫిజిక్స్ వాళ్ళూ అదే మాట అంటారు. మలుపు మధ్యలోకి వచ్చాక బ్రేకు కొట్టకుండా ముందే తగ్గించుకుని, స్టీరింగ్‌ని మెల్లగా నింపుకుంటూ పోండి. డ్యాష్‌బోర్డు మీద సగం నీళ్ళ గ్లాసు బిగించుకుని, నీళ్ళు ఒలక్కుండా ఘాట్ ఎక్కడం అలవాటు చేసుకోండి. ఓనరుకి కూడా ఆ గ్లాసే చూపించండి.

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. "కారు వేగం గంటకు 60 కి.మీ." అని రాస్తే మార్కు కోసేశారు. "వడి" అని రాయాలట. మా ఇంట్లో వడి అనే మాట మా అత్తగారు తప్ప ఎవరూ వాడరు. ఇంత పట్టింపు అవసరమా అండీ?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారాలు. "వడివడిగా నడిచింది", "ఏటి వడి ఎక్కువగా ఉంది" అనేవాళ్ళు తగ్గిపోబట్టే పిల్లలకి ఈ కష్టం వచ్చింది.

ఇంగ్లిష్‌లో స్పీడ్, వెలాసిటీ అని రెండు మాటలున్నాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో మొదటిదానికి వడి అనీ రెండోదానికి వేగం అనీ పేర్లు పెట్టుకున్నారు. చిక్కేమిటంటే బయట లోకంలో వేగం అంటేనే స్పీడు. "అతివేగం ప్రమాదకరం" అని రోడ్డు పక్క బోర్డు ఉంటుంది. మీ వాడి టీచరు దిద్దితే దాన్ని "అతివడి" అనాలి. ఆ బోర్డు చదివి ఎవరూ స్పీడు తగ్గించరని నా భయం, ఇప్పుడు మాత్రం తగ్గిస్తున్నారా అంటే అది వేరే సంగతి. నా మటుకు నేను పేపర్లు దిద్దినప్పుడు, పిల్లవాడు దిక్కు గురించి అడిగిన లెక్కలో తప్పితే, ఈ మాట కోసం మార్కు కోయలేదు. కానీ తేడా నిజమైనదే, మాటల గారడీ కాదు.

సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. ఏటా ఆషాఢ పౌర్ణమి వేళ లక్షల మంది తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు నడిచి, మళ్ళీ అక్కడికే వస్తారు. ఎనిమిది గంటలు పట్టిందనుకోండి, సగటు వడి గంటకు 4 కిలోమీటర్లు. మరి సగటు వేగం? సున్నా. బయల్దేరిన చోటికే చేరారు కాబట్టి జరిగిన స్థానభ్రంశం ఏమీ లేదు. కాళ్ళు వాచిపోయినవాడికి "నీ సగటు వేగం సున్నా" అని చెబితే కొడతాడు, కానీ లెక్క అదే. (పుణ్యం లెక్క వేరే పద్దులో రాస్తారు.)

ఈ రెండు మాటల మధ్యకి మూడోదొచ్చి పిల్లల్ని ఇంకా తికమక పెడుతుంది, త్వరణం. "త్వరగా" అన్న మాట అందులో కనిపిస్తుంది కాబట్టి, త్వరణం ఎక్కువంటే బాగా త్వరగా పోవడమే అనుకుంటారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఇదే. క్లాసులో జీతాల లెక్క చెప్పేవాణ్ణి. నెల జీతం వడి లాంటిది: నెలకు ఇన్ని రూపాయలు. ఇంక్రిమెంట్ త్వరణం లాంటిది: నెలకు ఇన్ని రూపాయల చొప్పున, ఏడాదికి. లక్ష జీతం తీసుకుంటూ ఇంక్రిమెంట్లు ఆగిపోయిన పెద్దమనిషి ఉంటాడు. ఆయనది పెద్ద వడి, సున్నా త్వరణం. నిన్న చేరిన కుర్రాడి జీతం తక్కువే అయినా ఏడాదికేడాది జోరుగా పెరుగుతుంటుంది. వాడిది చిన్న వడి, పెద్ద త్వరణం. ఆకాశంలో 800 కిలోమీటర్ల వడితో నిలకడగా పోయే విమానం ఆ పెద్దమనిషి. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే ఎగిరే ఆటో ఈ కుర్రాడు. పీఆర్సీ వచ్చిన నెల ఏమవుతుందో ప్రభుత్వోద్యోగుల పిల్లలకి నేను విడిగా చెప్పక్కర్లేకపోయింది.

"సెకను స్క్వేర్" అంటే ఏమిటో తెలియక పిల్లలు బెదిరిపోతారు. నలుచదరపు సెకను ఎక్కడా ఉండదు. "నెలకు, ఏడాదికి" అని కాలం రెండుసార్లు వచ్చినట్టే "సెకనుకు మీటర్లు, సెకనుకు" అని ఇక్కడా రెండుసార్లు వచ్చింది, అంతే. మీ వాడికి ఇది చెప్పి చూడండి. మార్కు సంగతి నేనేమీ చేయలేను.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్టియర్. పైకి విసిరిన రాయి పైన ఒక్క క్షణం ఆగుతుంది కదా, అక్కడ వేగం సున్నా. మరి త్వరణం 9.8 అని ఎలా అంటారు? ఆగిపోయినదానికి త్వరణమేంటి? ఇంకో డౌట్. మా గైడ్‌లో "మైనస్ త్వరణం అంటే వడి తగ్గడం" అని ఉంది. కిందికి వచ్చేటప్పుడు కూడా మైనస్సే వేస్తున్నారు, కానీ వడి పెరుగుతోంది. టెన్షన్‌గా ఉంది సార్.
– ఇంటర్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: బాబూ, టెన్షన్ వద్దు. ఈ రెండు డౌట్లూ ఒకటే, రెండూ మంచివే.

లెక్క సులువు కోసం 9.8 బదులు 10 అనుకో. రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరావు. పై దిక్కు ప్లస్. సెకను తర్వాత వేగం 10. రెండో సెకను చివర సున్నా. మూడో సెకను చివర మైనస్ 10, నాలుగో సెకను చివర మైనస్ 20. ఈ వరసలో ఎక్కడైనా తేడా ఆగిందా? 20 నుంచి 10కి పది తగ్గింది, 10 నుంచి సున్నాకి పది, సున్నా నుంచి మైనస్ పదికి ఇంకో పది. సున్నా అన్నది దారిలో వచ్చిన ఒక స్టేషన్ మాత్రమే, బండి అక్కడ ఆగలేదు. పైకి వెళ్ళగానే వేగంతో పాటు త్వరణం కూడా సున్నా అయిపోతే ఆ తర్వాత వేగం మారడానికి కారణమే ఉండదు. రాయి అక్కడే త్రిశంకుడిలా వేలాడుతుంది.

మైనస్ సంగతి: గైడ్‌లో రాసింది సగం నిజం. గుర్తు చెప్పేది దిక్కు. వేగం, త్వరణం ఒకే గుర్తుతో ఉంటే వడి పెరుగుతుంది, వేరు గుర్తులతో ఉంటే తగ్గుతుంది. రాయి పైకి పోతున్నప్పుడు వేగం ప్లస్, త్వరణం మైనస్, వడి తగ్గింది. దిగేటప్పుడు రెండూ మైనస్, వడి పెరిగింది. ఆ వాక్యాన్ని గైడ్‌లో కొట్టేసి పక్కన ఇది రాసుకో.

నువ్వొక్కడివే తడబడ్డావనుకోకు. పడే వస్తువు వడి అది పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందని గెలీలియో కూడా 1604లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. తప్పది. పెరిగేది కాలాన్ని బట్టి అని తర్వాత తేల్చుకున్నాడు. నేరుగా పడే వస్తువుని కొలిచేందుకు ఆ రోజుల్లో గడియారాలు చాలవు. అందుకని చెక్కలో నున్నటి గాడి చేసి, దాన్ని ఏటవాలుగా పెట్టి, అందులో కంచు గుండుని దొర్లించాడు. కాలం కొలవడానికి ఒక పాత్రలోంచి సన్నటి ధారగా నీళ్ళు వదిలి, గుండు దొర్లినంతసేపూ పడిన నీళ్ళని తూచాడు. సమాన కాలాల్లో గుండు దాటిన దూరాలు 1, 3, 5, 7 – ఇలా బేసి సంఖ్యల వరసలో వచ్చాయి. ఇదంతా 1638లో లైడెన్‌లో అచ్చయిన పుస్తకంలో ఉంది, అప్పటికి ఆయన వయసు డెబ్భై దాటింది. నీకింకా పదహారు!

ప్రశ్న: సార్ నమస్తే. మా పోరడు డిగ్రీల చేరిండు, బైకు కావాలంటున్నడు. నాలుగు సెకన్లలో అరవై అందుకుంటదట. వందే భారత్ రైలు కన్నా ఫాస్ట్ అంటున్నడు. నిజమేనా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అబ్బాయి వడినీ త్వరణాన్నీ కలిపేసి మీకు అమ్ముతున్నాడు. అయినా అతను చెప్పినదాంట్లో నిజముంది.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. నాలుగు సెకన్లలో అందుకుంటే త్వరణం 4.2. వందే భారత్ కొత్త రైలు 2022 ట్రయల్స్‌లో సున్నా నుంచి వంద కిలోమీటర్లకి 52 సెకన్లలో చేరిందని రైల్వే వాళ్ళు చెప్పారు. ఆ లెక్కన దాని సగటు త్వరణం 0.53. బైకుది ఎనిమిది రెట్లు. కానీ రైలు 52 సెకన్లు ఓపిగ్గా తోసి వందకి చేరి, ఇంకా పైకి పోతుంది. నిలబడి ఉన్న ప్రయాణికుడు కడ్డీ పట్టుకోకపోయినా పడడు. బైకు మీద ఆ నాలుగు సెకన్లు వెనక కూర్చున్నవాడు గట్టిగా పట్టుకోకపోతే ఉండడు.

మీరు అబ్బాయిని అడగాల్సింది ఇంకొకటుంది. అరవై నుంచి సున్నాకి ఎంత దూరంలో వస్తావు? పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో త్వరణం, వెనక్కి, ఓ 6 వస్తుందనుకుందాం. అరవైలో ఉన్న బండి ఆగడానికి 23 మీటర్లు. ఎనభైలో ఉంటే 41. ఇక్కడా వడి వడితోనే గుణకారం అవుతోంది కాబట్టే ఇరవై పెంచితే దూరం దాదాపు రెట్టింపయింది. అడ్డం వచ్చిన గేదెను చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపు సెకను గడిచిందనుకోండి, ఆ సెకనులో బండి ఏమీ తగ్గకుండా పోయిన దూరం కూడా కలపాలి. మొత్తం అరవైకి 40 మీటర్లు, ఎనభైకి 63. వానలో బ్రేకు పట్టు సగమైతే, అరవైకే 63 అవుతుంది. కంపెనీ ప్రకటనలో మొదటి నాలుగు సెకన్లు పెద్దక్షరాల్లో వేస్తారు. ఈ రెండో లెక్క ఎక్కడైనా వేశారేమో మీ అబ్బాయినే వెతికి చూపించమనండి.

ప్రశ్న: శ్రీహరికోట రాకెట్ మా డాబా మీంచి చూస్తే ముందు నత్తలా లేస్తుంది. టీవీలో వేల కిలోమీటర్లంటారు. అంత వడి ఎప్పుడొస్తుంది?
– కిరాణా వ్యాపారి, సూళ్ళూరుపేట

జవాబు: మీ డాబాకి ఉన్న అదృష్టం నా డాబాకి లేదు. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన రాకెట్ బయల్దేరేటప్పుడు బరువు దాదాపు 640 టన్నులు. కింద నిప్పులు కక్కుతున్న బలంలో చాలా భాగం ఆ బరువుని మోయడానికే సరిపోతుంది. మిగిలిన కాస్తే పైకి తోస్తుంది. అందుకే నెమ్మది. ఇంధనం కాలేకొద్దీ బరువు తగ్గుతుంది, అదే తోపుకి త్వరణం పెరుగుతూ పోతుంది.

చమత్కారం ఏమిటంటే, మొత్తం మీద చూస్తే ఆ త్వరణం అంత భయంకరమైనదేమీ కాదు. దాదాపు 16 నిమిషాల్లో చంద్రయాన్ కక్ష్యలోకి చేరేసరికి దాని వేగం సెకనుకు 10 కిలోమీటర్ల పైచిలుకు. భాగించి చూడండి, సగటున సెకను సెకనుకూ పెరిగింది 10 మీటర్లకి కొంచెం పైన. మీ పెరట్లో చెట్టు మీంచి రాలే మామిడికాయ త్వరణం 9.8. రెండూ ఇంచుమించు ఒకటే! కాయకి అర సెకనులో నేల తగులుతుంది. రాకెట్ పదహారు నిమిషాలు వదలకుండా పట్టుకుంటుంది.

ప్రశ్న: సార్, గత నెల మీరు "ఒంటికి తెలిసేది త్వరణమే" అన్నారు. కిందపడే వస్తువుకి 9.8 త్వరణం ఉంటుంది, కానీ అంతరిక్షంలో వ్యోమగాములు భూమి వైపు పడుతూనే ఉన్నా ఏమీ తెలియకుండా తేలుతున్నారు. నేను బెంచీ మీద కదలకుండా కూర్చున్నా, త్వరణం సున్నా, కానీ బెంచీ గట్టిగా తెలుస్తోంది. త్వరణం ఉంటే తెలియట్లేదు, లేకపోతే తెలుస్తోంది. మీ మాట రెండు వైపులా తప్పు కదా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: తల్లీ, తప్పే. రెండు వైపులా తప్పే. ఉత్తరం చదివి కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

నేను లిఫ్టూ బస్సూ దృష్టిలో పెట్టుకుని రాశాను. అక్కడ త్వరణం కలిగించేది మనల్ని ముట్టుకుని తోసే సీటో నేలో. ఒంటికి తెలిసేది ఆ తోపు. బస్సు నిలకడగా పోతుంటే సీటు వెనక నుంచి తొయ్యదు, అందుకని వడి తెలియదు. బస్సు ఎత్తుకుంటే తోస్తుంది, తెలుస్తుంది. ఇంతవరకు నా మాట నిలుస్తుంది. కానీ భూమి మనల్ని ముట్టుకుని లాగదు. ఒంట్లో ప్రతి ముక్కనీ ఒకేలా లాగుతుంది. చెయ్యీ కడుపూ చెవిలో రేణువూ అన్నీ ఒకే త్వరణంతో పడుతుంటే ఒకదాన్ని ఇంకొకటి తొయ్యదు, కాబట్టి తెలిసేదేమీ ఉండదు. బెంచీ మీద నీకు తెలుస్తున్నది భూమి లాగడం కాదు, నిన్ను పడనివ్వకుండా బెంచీ పైకి తోయడం.

నా చిన్నప్పుడు మా ఊరి మోటబావి గట్టు మీంచి దూకేవాళ్ళం. ఎండాకాలం నీళ్ళు అయిదు మీటర్ల కింద ఉండేవి. అంత దూరం పడడానికి సరిగ్గా ఒక సెకను, నీళ్ళని తాకేసరికి వడి గంటకు 36 కిలోమీటర్లు. ఆ సెకనులో కడుపులో ఝల్లుమనేది. అది త్వరణం తెలియడం అనుకుని ఇన్నేళ్ళూ గడిపేశాను. నీ ఉత్తరం చూశాక ఆలోచిస్తే, పుట్టినప్పటి నుంచీ పాదాల కింద ఉన్న తోపు ఠక్కున మాయమవడమే ఆ ఝల్లు. జాతరలో జెయింట్ వీల్ దిగేటప్పుడు కలిగేది కూడా దాని తమ్ముడే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఓ 400 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. అక్కడ భూమి వైపు త్వరణం ఇంకా 8.7 ఉంది, ఇక్కడికన్నా పదోవంతే తక్కువ. వాళ్ళ బతుకంతా ఆ ఒక్క సెకనే, నీళ్ళు మాత్రం రావు.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పేటెంట్ ఆఫీసు ఉద్యోగిగా ఉన్న ఐన్‌స్టీన్‌కి 1907లో తట్టింది ఇదే: పైనుంచి పడుతున్న మనిషికి తన బరువు తెలియదు. తన జీవితంలో అన్నిటికన్నా సంతోషాన్నిచ్చిన ఆలోచన అదేనన్నాడు. ఆయన సాపేక్ష సిద్ధాంతాన్ని గురుత్వాకర్షణ దాకా తీసుకెళ్ళింది ఆ దారినే. నువ్వు బెంచీ మీద కూర్చుని అడిగినదానికి ఆ ఆలోచన మరీ దూరం కాదు.

నీ వాదన కళ్ళతో చూడాలంటే ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోన్ చాలు. తెర అడ్డం తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది కదా, అది లోపలున్న చిన్న త్వరణమాపకం పని. ఫైఫాక్స్ అని జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఉచిత యాప్ ఉంది, ఆ మాపకం చెప్పే అంకెలు గీత గీసి చూపిస్తుంది. అందులో గురుత్వంతో కలిపి చూపించే దాన్ని ఎంచుకో. ఫోను బల్ల మీద కదలకుండా పెట్టు, 9.8 చూపిస్తుంది, త్వరణం సున్నా అయినా! తర్వాత మంచం మీద పరుపు వేసి, మీటరు ఎత్తు నుంచి వదిలెయ్యి. పడేది అర సెకను కూడా ఉండదు, కానీ గీతలో ఆ కాస్త మేరా సున్నా దగ్గరికి జారి, పరుపు తగలగానే ఒక్కసారిగా పైకి ఎగరడం కనిపిస్తుంది. ఆ గీత కాగితం మీద వేసి నాకు పంపించు, వచ్చే నెల ఇక్కడే అచ్చు వేస్తాను. ఫోను అమ్మదైతే ముందు అడుగు, పరుపు రెండు మడతలు వెయ్యి.